కాషాన్ లస్టర్ టైల్‌ని ఎలా చూడాలి

మ్యూజియంలో ఇరాన్‌లోని కాషాన్ నగరంలో చేసిన నక్షత్రాకారపు టైల్ కనిపిస్తే ఎదురుగా నిలబడి ఓ చూపు చూసి వెళ్లిపోకండి. నేనైతే పక్కకు జరిగి, కాస్త వంగి చూస్తాను. వెలుతురు ఏటవాలుగా పడితేనే ఆ గోధుమరంగు గీతలు బంగారంలా మెరుస్తాయి. ఆ లోహపు మెరుపే లస్టర్. నిజానికి అందులో ఉండేది వెండి, రాగి. వాటితో గ్లేజు (గాజులాంటి పూత) మీద బొమ్మ గీసి, పొగ నిండిన బట్టీలో రెండోసారి కాల్చేవారు.

తర్వాత పెచ్చు ఊడిన చోటు వెతకండి. లోపల తెల్లటి ముద్ద. 1301లో కాషాన్ కుమ్మరి కుటుంబీకుడు అబుల్ ఖాసిం ఆ ముద్దకు రాసిన పాళ్లు: క్వార్ట్జ్ పొడి పది, గాజు ఒకటి, తెల్ల బంకమన్ను ఒకటి.

అంచున రాత, బొమ్మలు కలిపి చూడండి. ఇరాన్‌లోనే వరామీన్ పట్టణంలోని ఇమాంజాదా యహ్యా అనే సమాధి మందిరపు నక్షత్రపు టైల్స్ మీద ఖురాన్ వాక్యాలు, తీగలే, జీవుల బొమ్మలుండవు. ఇరాన్‌ను ఏలిన మంగోల్ పాలకుల తఖ్తె సులేమాన్ రాజభవనం టైల్స్ మీదైతే డ్రాగన్లు కూడా!