అపార్టుమెంటు సమావేశంలో ఓటింగ్: కోండోర్సే చూపిన దారి

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు అపార్టుమెంట్లలో మెయింటెనెన్స్ నిధి కాస్త మిగిలిందంటే, దానిని దేనికి ఖర్చుపెట్టాలన్న వాదన మొదలవుతుంది. చివరకు చేతులెత్తించి, ఎక్కువ చేతులు లేచిన పనినే ఖాయం చేస్తారు. పోటీలో రెండే పనులుంటే ఈ పద్ధతి చాలు. మూడు ఉంటే, ఎక్కువమంది అన్నిటికన్నా వెనక్కి నెట్టిన పనే గెలిచిపోవచ్చు. ఫ్రెంచి గణితవేత్త, తత్త్వవేత్త కోండోర్సే (1743–1794) మెజారిటీ నిర్ణయాలపై 1785లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిక్కును గణితంతో పరిశీలించి, ప్రతి రెండింటినీ విడివిడిగా పోల్చాలని సూచించారు.

ముందుగా ప్రతి ఫ్లాటుకూ ఒక చీటీ ఇచ్చి, పనులను ఇష్టం కొద్దీ 1, 2, 3 అని వరుసలో రాయమనండి. చీటీని ఇంట్లో అందరూ మాట్లాడుకుని నింపాలని కూడా చెప్పండి. స్త్రీలకు పౌర హక్కులు ఇవ్వాలని 1790లోనే వాదించిన వ్యక్తి పద్ధతిని వాడుతూ ఇంటి యజమాని ఒక్కడి మాటే లెక్కలోకి తీసుకోవడం నాకు న్యాయంగా తోచదు.

లెక్కింపే అసలు పని. పదిహేను ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. 6 చీటీలలో సీసీ కెమెరాలు, ఇంకుడు గుంత, పార్కు అన్న వరుస ఉంది. 5 చీటీలలో పార్కు, ఇంకుడు గుంత, కెమెరాలు. మిగిలిన 4 చీటీలలో ఇంకుడు గుంత, పార్కు, కెమెరాలు. చేతులెత్తిస్తే 6 ఓట్లతో కెమెరాలే గెలుస్తాయి, 4 ఓట్ల ఇంకుడు గుంత అట్టడుగున ఉంటుంది. ఇప్పుడు చీటీలన్నీ మళ్లీ తిరగేసి, ఒక్కోసారి రెండేసి పనులను తీసుకుని, ఒక్కొక్క చీటీలో వాటిలో ఏది పైన ఉందో మాత్రమే చూడండి. కెమెరాల కన్నా ఇంకుడు గుంతను పైన రాసినవారు 9 మంది, పార్కు కన్నా పైన రాసినవారు 10 మంది. అంటే ఏ పనితో పోల్చినా ఇంకుడు గుంతదే పైచేయి. కెమెరాలైతే 9 చీటీలలో చివరి స్థానంలోనే ఉన్నాయి.

పనులు నాలుగైతే 6 పోలికలు, అయిదైతే 10 పోలికలు చేయాలి కనుక జాబితాను నాలుగు దాటనివ్వకండి.

ఒక్కోసారి మొదటిది రెండోదానిని, రెండోది మూడోదానిని, మూడోది మళ్లీ మొదటిదానిని ఓడిస్తుంది. ప్రతి ఓటరు వరుసా సక్రమంగానే ఉన్నా, అందరివీ కలిపితే ఇలాంటి చక్రం ఏర్పడవచ్చని కోండోర్సేయే చూపారు. అప్పుడు మూడు పోలికలలో అతి తక్కువ ఆధిక్యంతో తేలిన పోలికను పక్కన పెట్టి, మిగిలిన రెండు ఫలితాలను బట్టి విజేతను తేల్చండి. ఆధిక్యాలు కూడా సమానమైతే లాటరీ తీయక తప్పదు. ఈ నియమాలను చీటీలు పంచకముందే మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి, ఎందుకంటే ఫలితం తెలిశాక పెట్టే నియమాన్ని ఓడినవారు ఒప్పుకోరు.