కొత్తగా సేల్స్ మేనేజర్ అయ్యారా? పాత డీలర్లను వదులుకోండి

బాగా అమ్మి మేనేజర్ అయినవాళ్లు ముందు చేయాల్సిన పని, పాత డీలర్లను నిజంగా వదులుకోవడం, అంటే ఆ ఏరియా ఇప్పుడు చూసేవాళ్లకు పూర్తిగా అప్పగించేయడం. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి విత్తనాలు అమ్మిన మీరు ఇప్పుడు కర్నూలులో టీమ్‌ను చూస్తున్నారనుకోండి, జూన్‌లో వానలు పడగానే స్టాక్ కోసమో, బాకీకి గడువు కోసమో డీలర్లు మీకే ఫోన్ చేస్తారు. అక్కడికక్కడే సరే అనేస్తే ఆ ఏరియా చూసే పిల్లోడికి ఇక విలువ ఉండదు. "మావాడితో మాట్లాడన్నా, అతను చెప్పిందే ఫైనల్" అనండి, వెంటనే అతనికీ విషయం చెప్పండి. ఇద్దరూ కలిసి షాపుకు వెళ్లినప్పుడు, ఆర్డర్ చేజారేలా ఉన్నా సరే, మధ్యలో దూరకండి (చాలా కష్టం ఇది, నెలాఖరు టార్గెట్ టెన్షన్‌లో మరీను). బయటికొచ్చాక బండి దగ్గర "ధర దగ్గర ఎందుకు తగ్గావు?" అని ఒక్కటి అడిగి, అతను చెప్పేది పూర్తిగా వినండి. డీలర్ ఎదుట మాత్రం ఒక్క మాట కూడా తప్పుపట్టొద్దు.