ఇంటి సరుకు అంగడికి – 4వ పాఠం: పసుపు ప్యాకెట్‌కి ఏ రంగు?

కిందటి పాఠంలో పౌచ్ మందం, సీలు వేయడం చూశాం. ఈసారి రంగు. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పసుపు, కారం, అప్పడాలు చేసి అమ్మే మనవాళ్లని రంగు గురించి అడిగితే ముందు తమకిష్టమైన రంగు చెప్తారు. మన ఇష్టాన్ని కాసేపు పక్కన పెడదాం. ప్యాకెట్ ఏ కొట్లో, దేని పక్కన వేలాడుతుంది? దాన్ని ఎవరు వేలు పెట్టి చూపిస్తారు? అక్కణ్ణించి మొదలుపెట్టాలి.

పసుపునే తీసుకుందాం. కొనేవాళ్లు మూడు రకాలు.

మొదటివాళ్లు ఏ వారానికావారం చిన్న ప్యాకెట్ కొనుక్కునేవాళ్లు. వీళ్లలో చాలామంది పేరు చదవరు. తెలుగావిడ "ఎర్ర పేకెట్టియ్యి" అంటుంది, ఒడియా ఆయన "నాలి పేకెట్" అంటాడు, కొట్టతను ఇద్దరికీ ఒకే సరం నుంచి తెంపి ఇస్తాడు. కాబట్టి దూరానికి ఒకే రంగు కనబడాలి, ఏళ్ల తరబడి అదే ఉండాలి. పండక్కో రంగు మార్చారా, మీ ప్యాకెట్‌ని మీరే దాచేసినట్టు.

ఏ రంగో తేల్చడానికి కొనేవాళ్లు నిలబడే చోట నిలబడి ఫోన్లో ఫొటో తీయండి. దాన్ని గోరంత చేసి చూడండి. అక్షరాలు పోయి రంగులే మిగులుతాయి. పసుపు వరస అంతా పసుప్పచ్చగానే ఉందా? అయితే అందులో లేని రంగు మీది. ఉదాహరణకి, 1969లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన నిర్మా సబ్బుపొడి పసుప్పచ్చన. అప్పటికి బజార్లో పేరున్న సర్ఫ్ నీలం.

రెండోవాళ్లు రాయగడ గుళ్లో మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం, విజయనగరం నుంచి వచ్చేవాళ్లు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఎరుపూ పసుపూ కలిసి పూజ సామానులా కనబడితేనే చెయ్యి చాస్తారు. అది వంటకి పనికొచ్చే పసుపు కాకపోతే ఆ ముక్క పెద్దక్షరాల్లో వేయండి.

మూడోవాళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలకి పట్టుకెళ్లేవాళ్లు. వీళ్లకి మెరుపులేని మ్యాట్ పౌచ్ గానీ గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం గానీ నప్పుతుంది. ఒకటో రెండో రంగులు, చుట్టూ ఖాళీ, కింద మన ఊరి పేరు. ధర ఎక్కువ పెట్టినా కొంటారు. అయితే లోపల అదే సరుకు పోసి కాగితానికి డబ్బు గుంజడం నాకు నచ్చదు. ఏరిన కొమ్ములు, ఈ ఏటి పంట వేయండి.

ఇప్పుడు అచ్చు వేసేచోట వచ్చే చిక్కులు. పారదర్శకమైన పౌచ్ మీద నీలం వేయించి, వెనక తెల్ల ఇంకు పొర వేయించకపోతే, పసుపు నింపగానే ఆ నీలం ఆకుపచ్చగా కనబడుతుంది. అచ్చు సిరాలు పల్చన, వెనకున్న రంగు వాటిలోంచి తొంగి చూస్తుంది. ఫోన్ తెర మీద చూసిన రంగు కూడా అచ్చులో అలాగే రాదు. నమూనా వేయించి, సరుకు నింపి, అప్పుడు సరే అనండి.

సరుకు కనబడేలా కిటికీ పెట్టాలని అందరికీ ఉంటుంది. కానీ వెలుగు తగిలితే పసుపు, కారం రెండూ వెలిసిపోతాయి. కిటికీ పెడితే వెనకవైపు, చిన్నది. ఉల్లిపాయల్ని ఎర్ర వలసంచిలో పోస్తే మరింత ఎర్రగా కనబడతాయి. ఆ కిటుకే పసుపుకి వాడి, రంగు ఫిల్మ్ వెనక రంగు చాలని సరుకు పెట్టేవాళ్లున్నారు. డబ్బాలో పోసుకున్న నిమిషంలో బయటపడుతుంది.

చట్టం కూడా రంగు చూస్తుంది. శాకాహార గుర్తు, అంటే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, ముందువైపు పేరు దగ్గర, నేల రంగుకి (వెనకున్న రంగుకి) భిన్నంగా ఉండాలి. ప్యాకెట్టే ఆకుపచ్చైతే గుర్తు కింద తెల్ల పట్టీ వేయండి. ధర, నికర బరువు అంకెలు కూడా నేలరంగులో కలిసిపోకూడదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి, ఒడియా, తెలుగు వాటికి అదనం. మూడు లిపులకి చోటు కావాలి గనక బొమ్మ చిన్నదైనా ఫరవాలేదు.

రంగు రంగుకో సిలిండర్ (అచ్చు రోలరు) చేయించి ఫిల్మ్ అచ్చువేయించడం చిన్నవాళ్లకి తలకి మించిన ఖర్చు. సాదా పౌచ్ ఒకటే కొని, ముగ్గురికీ మూడు స్టిక్కర్లు వేసుకోండి.

అభ్యాసం: మూడు రంగుల కాగితాలు మూడు పౌచ్‌లకి అంటించి, తెలిసిన కొట్లో అరగంట వేలాడదీయండి. పది అడుగుల దూరంలో నిలబడి, చదువురాని పెద్దావిణ్ణీ, ఒక పిల్లాణ్ణీ ఏది ముందు కనబడిందో అడగండి. ఎందుకని అడక్కండి, మీకు నచ్చే జవాబు చెప్పేస్తారు. రాసిపెట్టుకున్నది వచ్చే పాఠంలో స్టిక్కర్ కొలతలు తీసేటప్పుడు కావాలి.