షిఫ్టు డ్యూటీ వాళ్లకి ధ్యానం: ఎంత బిగించాలి, ఎక్కడ వదలాలి

స్టీల్ ప్లాంట్ క్యాంటీన్‌లో ఈమధ్య కుర్రాళ్లు ధ్యానం గురించి తెగ వాదించుకుంటున్నారు. ఒకడు నాగార్జునసాగర్‌లో పది రోజుల విపశ్యన శిబిరం చేసొచ్చాడు. తెల్లవారుజామున నాలుగింటికి గంట, పూర్తిగా మౌనం, రోజుకి పది గంటలు కూర్చోవడం. ఇంకొకడు యూట్యూబ్‌లో జెన్ బౌద్ధుల మాటలు విని, "మనం ఎప్పుడో బుద్ధులమే, చేసేదేం లేదు" అంటాడు. చివరికి నా దగ్గరికొచ్చి "అన్నా, ఊరకే ఉంటే చాలదేటి?" అని అడుగుతారు. చాలదు. అలాగని పళ్లు బిగబట్టినా రాదు. నేను చేసే పద్ధతి చెప్తాను.

ఈ గొడవ పాతదే. ఎనిమిదో శతాబ్దం చివర్లో టిబెట్‌లో చైనా భిక్షువు మొహెయాన్, మన దేశం నుంచి వెళ్లిన కమలశీలుడు ఇదే వాదించుకున్నారు. తలపులన్నీ మానేస్తే బోధి, అంటే జ్ఞానోదయం, ఒక్కసారే కలుగుతుందని మొహెయాన్, మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందేనని కమలశీలుడు. టిబెట్ వాళ్లు కమలశీలుడు గెలిచాడంటారు. చైనా వైపు రాతలు మొహెయానే గెలిచాడంటాయి.

శ్రమ అక్కర్లేదనేవాళ్లు బుద్ధుడి కాలం నాటి బాహియుడనే సాధకుడి కథ చెప్తారు. భిక్షకి వెళ్తున్న బుద్ధుడు దారిలో నిలబడి, చూసినదాంట్లో చూసినదే ఉండనీ, విన్నదాంట్లో విన్నదే ఉండనీ అన్నాడు. అక్కడికక్కడే బాహియుడు విముక్తుడయ్యాడు. బాగుంది. కానీ ఆ మనిషి పడమటి తీరంలోని సుప్పారకం నుంచి శ్రావస్తి దాకా పరుగున వచ్చాడు. "ఇది సమయం కాదు" అని బుద్ధుడు రెండుసార్లు అన్నా వదలక మూడోసారి అడిగాడు. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

కాబట్టి మీ పట్టుదలంతా ముందు సమయం, చోటు కుదుర్చుకోవడంలో చూపించండి. బీ షిఫ్టయితే పొద్దున్నే, ఏ షిఫ్టయితే సాయంత్రం. ఫ్యాన్ వేసుకోండి; మన వైజాగ్ ఉక్కపోతని ఓర్చుకోవడం సాధనేం కాదు. దుప్పటి నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకుంటే మోకాళ్లు నేలకి ఆనతాయి. ఆనకపోతే కుర్చీలో కూర్చోండి, నామోషీ ఏం లేదు. నలభై నిమిషాలకి అలారం పెట్టి, ఫోన్ పక్క గదిలో వదిలేయండి.

మొదటి పది నిమిషాలు గట్టిగానే పనిచేయాలి. ముక్కుపుటాల దగ్గర ఊపిరిని గమనించడం, మనసు జారితే మళ్లీ తేవడం, అంతే. ఇరవయ్యో నిమిషం దగ్గర ఒంటిని ఒకసారి చూసుకోండి. నాలుక అంగిలికి అతుక్కుని, దవడ బిగిసి, రెండు బొటనవేళ్లూ ఒకదాన్నొకటి నొక్కుతుంటాయి. ఊపిరిని చూడటం పోయి, మనమే దాన్ని లాగుతుంటాం. బిగువు ఎక్కువైందన్నమాట. అప్పుడు ఊపిరిని వదిలేసి ఊరకే వినండి: పక్కింటి మిక్సీ, కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు హారన్. ఏ బస్సో అని ఆరా తీయొద్దు. బాహియుడి పాఠం పనికొచ్చేది ఇక్కడే. అలా కాక మెడ వాలిపోతుంటే లేచి, డాబా మీద ఒక్కో అడుగూ తెలుస్తూ నడవండి.

సోణుడనే భిక్షువు పాదాలు చిట్లి రక్తం కారేదాకా నడిచాడు. విసిగిపోయి ఇంటికి పోదామనుకుంటే, నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగించినా మరీ వదులు చేసినా పలుకుతుందా అని అడిగాడు బుద్ధుడు. దీన్ని "అతి వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు మాత్రం శ్రుతి పోయినప్పుడల్లా సరిచేసుకోమన్నట్టే వినిపిస్తుంది. నిన్నటి బిగువు ఇవాళ పనికిరాదు. ఓవర్‌టైమ్ చేసొచ్చిన రోజు, సెలవు రోజు ఒకటి కావు కదా!

సెలవు దొరికితే భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కండి, పాత బౌద్ధారామం ఉన్న కొండ. 1976లో నేవీ వాళ్ల ఏరియల్ సర్వేలో బయటపడింది. తవ్వకాలు 1988 నుంచి 1993 దాకా జరిగాయి. అందరూ సముద్రం వైపు తిరిగి సెల్ఫీలు తీసుకుంటారు. మీరు రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గర ఆగండి. కొండ మీద భిక్షువులు కూర్చోవాలంటే వాన నీళ్లు నిలవాలి, అందుకు ఎవరో అంత రాయినీ తొలిచారు. చేసేదేం లేదనే కుర్రాణ్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలి.

అలారం మోగగానే లేచిపోకండి. రెండు నిమిషాలు ఏమీ చేయకుండా ఉండండి, ఊపిరిని కూడా గమనించొద్దు. బుద్ధుడు పోయాక ఆయన బోధలు కూర్చడానికి భిక్షువులు చేరిన మొదటి సంగీతికి ముందు, రాత్రంతా బుద్ధుడి శిష్యుడు ఆనందుడు కష్టపడ్డాడు. తెల్లవారేముందు ఇక చాలని నడుం వాలుస్తుంటే, తల దిండుకి తగిలేలోపే అర్హతుడు, అంటే పూర్తిగా విముక్తుడు, అయ్యాడని చెప్తారు. రాత్రంతా చేసింది వదిలేసి ఆ నడుం వాల్చడం ఒక్కటే పట్టుకుంటే మిగిలేది కునుకే.

సీ షిఫ్టు దిగిన పొద్దున మాత్రం ఇవేవీ వద్దు. టిఫిన్ తిని పడుకోండి, మధ్యాహ్నం లేచాక చూసుకోవచ్చు.