మోర్మన్ మిషనరీల ఉచిత సాయం తీసుకునే ముందు

హైదరాబాద్‌లో ఇల్లు మారేటప్పుడు సామాన్లు మోయడానికో, ఇంగ్లిష్ నేర్పడానికో నల్ల నేమ్‌ట్యాగ్‌తో ఇద్దరు మిషనరీలు వస్తామంటే, ముందు వాళ్లెవరో తెలుసుకోండి. వీళ్లు అమెరికాలో మొదలైన మోర్మన్ చర్చి తరఫున మత ప్రచారం చేసే యువతీ యువకులు. అబ్బాయిలను ఎల్డర్ అనీ, అమ్మాయిలను సిస్టర్ అనీ పిలుస్తారు. జీతం ఉండదు. సాధారణంగా అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు సేవ చేస్తారు. సేవ నిజమైనదే, మతం గురించి చెప్పాలన్న కోరికా నిజమైనదే.

అందుకే ఒప్పుకునే ముందే సూటిగా చెప్పండి: "సాయం కావాలి బాబూ, మతం మారే ఉద్దేశం మాత్రం లేదు. అయినా వస్తారా?" చాలామంది వస్తారు. గొడవంతా మన మొహమాటంతోనే. "చూద్దాంలే, ఆదివారం చర్చికి వస్తాం" అంటే మనకది మర్యాద, వాళ్లకది మాట. మీ కోసం ఎదురుచూస్తారు, మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారు. రానని చెప్పడమే దయ.

పని ఏమిటో, ఎన్ని గంటలో ముందే చెప్పండి. రెండు గంటలు, బీరువా, మంచం, పది అట్టపెట్టెలు అన్నట్టుగా. కరెంటు పని, ఎత్తు మీద పని వద్దు. దుకాణం సరుకు దింపించడం అసలు న్యాయం కాదు, అది హమాలీ కూలి.

డబ్బు ఇవ్వకండి. టీ, కాఫీ తాగరు కాబట్టి మజ్జిగో నిమ్మరసమో, పని ఎక్కువైతే భోజనమో పెట్టండి. ఇంట్లో ఆడవాళ్లే ఉంటే, ఎల్డర్లు వచ్చేటప్పుడు ఒక పెద్ద మగమనిషి కూడా ఉండేలా చూడండి, అది వాళ్ల నియమం. పిల్లలకు ఇంగ్లిష్ చెప్పిస్తుంటే పక్కనే కూర్చోండి.