చెక్క డింగీ రోగాలు: ఎండాకాలంలో పుట్టి నీళ్ళలో బయటపడేవి

హన్మకొండలో ఇంటి వెనక రేకుల షెడ్డులో డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, ఉందంటే ముందు నవ్వుతారు, ఆ తర్వాత "మరి యాడ నడుపుతరు?" అంటారు. జవాబు కాస్త పొడుగు. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, ధర్మసాగర్ నీళ్ళు ఊరికి తాగడానికి పోతాయి, కాబట్టి ఆ రెండింటి జోలికి పోను. నీటిపారుదల శాఖ వాళ్ళనీ, చేపల సొసైటీ వాళ్ళనీ అడిగి, సరేనన్న చోటే దింపుతాను. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు లాంటి విశాలమైన నీళ్ళు దొరికితే ఆ రోజు పండగే.

నాది ఎంటర్‌ప్రైజ్ క్లాసు పడవ. క్లాసు అంటే ఒకే నమూనాతో చేసిన పడవల జాతి. ఇంగ్లండులో జాక్ హోల్ట్ గీసిన నమూనా, 1956లో నీళ్ళలోకి వచ్చింది. 13 అడుగుల 3 అంగుళాల పొడవు, ఇద్దరు నడిపేది, నీలం తెరచాపలు. ఎర్ర తెరచాపల మిర్రర్ డింగీలో కూడా ఆయన చేయి ఉంది. రెండూ మామూలు మనిషి ఇంట్లో ప్లైవుడ్ కోసుకుని చేసుకునేలా గీసినవి. అందుకే మనలాంటి వాళ్ళం బాగు చేసుకోగలుగుతున్నాం.

పడవల గురించి రాసేవాళ్ళంతా ఉప్పునీటి గురించి భయపెడతారు. మనకు ఉప్పు లేదు. మన పడవ ఏడాదిలో ఎక్కువ నెలలు ఒడ్డు మీదే ఉంటుంది, ఏప్రిల్, మే రెండు నెలలూ రేకుల కింద వేగుతుంది. బయటే 43, 44 డిగ్రీలుంటే రేకుల కింద ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. రోగం అక్కడ పుడుతుంది. మనకు తెలిసేది జూలైలో, నీళ్ళలో దిగాక.

దింపిన పావుగంటకే కాళ్ళ కింద నీళ్ళు

అందరూ ముందు పడవ అడుగు మీద అనుమానపడతారు. చీకటి పడేదాకా అడుగంతా గీకి రంగేస్తారు. మళ్ళీ దింపితే మళ్ళీ నీళ్ళే. నా అనుభవంలో పదింట ఏడుసార్లు దొంగ సెంటర్‌బోర్డ్ పెట్టె. పడవ నడుమన పలక కిందికి దిగడానికి ఉండే ఆ నిలువు పెట్టె, అడుగు దూలంతో కలిసే అతుకు దగ్గర వదులవుతుంది. ప్లైవుడ్ ఎండకు పెద్దగా కుంచించుకోదు. పెట్టె కింది దూలం మాత్రం గట్టి కలప, అది అడ్డంగా కుంచించుకుంటుంది. రెండిటి మధ్య వెంట్రుకంత సందు వస్తుంది. పలక అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ ఆ సందు నోరు తెరుస్తుంది.

నిర్ధారణకు నీళ్ళలోకి పోనక్కర్లేదు. పడవను రెండు స్టూళ్ళ మీద నిలబెట్టి, బయటివైపు అతుకుల వెంబడి బడి సుద్దముక్కతో మందంగా రుద్దండి. లోపల రెండు బకెట్ల నీళ్ళు పోసి, పడవను కొద్దికొద్దిగా వంచుతూ ఒక్కో మూలకూ నీళ్ళు చేర్చండి. బట్టల నీలం నాలుగు చుక్కలు కలిపితే ఇంకా నయం. తెల్లటి సుద్ద మీద తడి చుక్క పడిన చోటే అసలు లీకు ఉంటుంది. ఎందుకు ఇంత తతంగం అంటే, లోపల నీళ్ళు కనిపించిన చోటు, అవి దూరిన చోటు ఒకటి కావు. పక్కటెముకల వెంబడి పారి ఎక్కడో తేలతాయి.

రెండు బకెట్లు అన్నాను, అంతే. ఒక మిత్రుడు బోరు పైపు పెట్టి సగం నింపాడు. లీటరుకు కిలో లెక్కన నాలుగు అంగుళాల లోతంటే రెండు మూడు వందల కిలోలు. ఆ బరువుకు స్టూలు మీద ఆనిన చోట ప్లై విరిగింది.

బాగు చేయడం: పెట్టె స్క్రూలు విప్పి, పాత లప్పం అంతా గీకేసి, వారం ఆరనిచ్చి, పాలీయురెథేన్ సీలెంట్ పరిచి మళ్ళీ బిగించాలి. ముందు ఒక మోస్తరుగా బిగించి, సీలెంట్ గట్టిపడ్డాక ఇంకో చుట్టు తిప్పాలి. ఒక్కసారే బలంగా బిగిస్తే సీలెంటంతా బయటికి వచ్చేస్తుంది. స్నానాల గదికి వాడే సిలికాన్ వద్దు. అది ఒకసారి కలపకు పట్టిందంటే ఆ తర్వాత రంగూ నిలవదు, జిగురూ నిలవదు.

నీళ్ళు తాపితే ఉబ్బి మూసుకోలేదు, ఇంకా పాడైంది

ఇది నేను చేసిన తప్పే. మా పాత వడ్రంగి కాక గోదారి ఒడ్డున నాటు పడవలకు పని చేసిన మనిషి. నా పడవ చూసి "కర్రకు దాహమైంది బిడ్డా, రెండొద్దులు నీళ్ళు తాపు, అదే మూసుకుంటది" అన్నాడు. పలకలతో కట్టిన నాటు పడవకు ఆ మాట అక్షరాలా నిజం. ఎండకు విడిపోయిన పలకలు నీళ్ళు తాగి ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. సందుల్లో కూరిన దూది, గుగ్గిలం ఆ ఒత్తిడికే పనిచేస్తాయి. అలాంటి పడవలో గట్టి లప్పం కూరితేనే ప్రమాదం, ఉబ్బే చోటు లేక పలకలు మేకుల్ని పీకేస్తాయి.

ప్లైవుడ్‌కు ఇదంతా వర్తించదు. దానికి మూయాల్సిన పలకల సందులే లేవు. నేను తడి గోనెసంచులు పరిచి రెండు రోజులు ఉంచాను. మూడో రోజు అంచు దగ్గర వేలు పెడితే పై పొర అట్ల మీది పొరలా లేచింది. రంగు లేని కోసిన అంచు నుంచి నీళ్ళు పీల్చుకుని పొరలు విడిపోయాయి.

కొద్దిగానే విడిపోతే నయమే. పూర్తిగా ఆరనిచ్చి, సన్న చాకుతో పొర ఎత్తి, సిరంజితో పల్చటి ఎపాక్సీ (హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురు) ఎక్కించి, మైనపు కాగితం అడ్డం పెట్టి క్లాంపులు బిగించాలి. అరచేతి కంటే పెద్దదైతే ఆ ముక్క కోసేయాలి. కొత్త ముక్కకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైనే తీసుకోండి. ఆ ప్రమాణంలో జిగురుకు 72 గంటలు మరిగే నీళ్ళలో పరీక్ష ఉంటుంది. కిచెన్ అల్మారాలకు "వాటర్‌ప్రూఫ్" అని అమ్మేవి చాలావరకు ఐఎస్ 303 కిందివి. షాపులో మాట వినకండి, పలక మీది ముద్ర చదవండి.

రంగు బాగానే ఉంది, నొక్కితే మెత్తగా ఉంది

కుళ్ళు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా కొట్టుకుంటూ పోండి. ఖంగుమనే చోట భయం లేదు, దబ్‌మన్న చోట సూదిమొన గుచ్చండి. ఉప్పు పడని కుళ్ళు బూజుకు వాననీళ్ళంటే ఇష్టం. కలపలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకపోతే చాలు. టార్పాలిన్‌ను నేల దాకా లాగి కట్టేస్తే వానాకాలమంతా లోపల ఆవిరే. కప్పండి కానీ రెండు కొసలా మూరెడు తెరిచి ఉంచండి, ముందుభాగం ఎత్తులో పెట్టి నీళ్ళు పోయే బిరడా తీసేయండి.

కుళ్ళు మీద ఎపాక్సీ పూసి "గట్టిపడింది" అనుకోవడం పుండు మీద పౌడర్ చల్లడమే. మంచి కలప వచ్చేదాకా కోయాలి. అతికే రెండు అంచులనూ వాలుగా చెక్కాలి, ఆ వాలు పొడవు ప్లై మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. 6 మిల్లీమీటర్ల ప్లైకి 48 మిల్లీమీటర్ల వాలు. చిత్రిక పట్టేటప్పుడు ప్లై పొరలు సమాన వెడల్పు చారల్లా కనిపిస్తే వాలు సరిగ్గా వచ్చినట్టు, వంకరపోతే చేయి ఎక్కువ నొక్కినట్టు.

కుళ్ళు లేకుండానే బోలుగా మోగి, మట్టి రాలితే చెదలు. స్టూళ్ళ కాళ్ళ కింద డబ్బాలు పెట్టి వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయండి. గోడకు ఏ మూలా తగలనివ్వకండి.

ఎపాక్సీ ఒకసారి పొగలు కక్కింది, ఇంకోసారి జిగటగానే ఉండిపోయింది

మే నెలలో మధ్యాహ్నం మగ్గు నిండా కలిపితే పది నిమిషాల్లో అదే కాగి పొగ వస్తుంది. తప్పు సరుకుది కాదు. ఆ రసాయనం గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతుంది. కొంచెం కొంచెం కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పోసుకోండి. స్లో హార్డనర్ అడిగి కొనండి. పని సాయంత్రం పెట్టుకోవడానికి ఇంకో కారణముంది. పొద్దున పూస్తే కలప వేడెక్కుతూ లోపలి గాలిని బయటికి తోసి పూత నిండా బుడగలు లేపుతుంది. చల్లబడే వేళ కలప గాలిని లోపలికే పీలుస్తుంది, పూతను కూడా.

జిగటకు కారణాలు రెండు. పాళ్ళు తప్పితే అది ఎన్నాళ్ళున్నా గట్టిపడదు, గీకేయాల్సిందే. డబ్బా మీద పాళ్ళు బరువు లెక్కనా, కొలత లెక్కనా చూసుకోండి. వానాకాలంలో పైన మాత్రమే మైనంలా ఉంటే అది తేమ వల్ల వచ్చిన పొర. ముందు నీళ్ళతో, గరుకు పీచుతో కడిగి, తర్వాతే ఉప్పుకాగితం పట్టాలి. కడగకుండా రుద్దితే ఆ మైనాన్ని కలపలోకే రుద్దినట్టు.

స్క్రూల చుట్టూ నల్ల మరకలు

ఇనుప స్క్రూ, తడి, కలపలోని వగరు. స్టెయిన్‌లెస్ వేయండి. బెజ్జం పెద్దదైపోతే వెదురు పుల్ల ఎపాక్సీలో ముంచి దిగగొట్టి మళ్ళీ బెజ్జం వేసుకోండి. అంతే.

చుక్కాని చేయి లాగేస్తోంది, పడవ గాలివైపే తిరుగుతోంది

దీనికి మాస్టు, అంటే తెరచాప కట్టే స్తంభం, వెనక్కి వాలిందని చెబుతారు. నిజమే కావచ్చు, కానీ అది ఆఖరున చూడాల్సింది. నేను మేస్త్రీ దగ్గర తూకం గుండు అడుక్కొచ్చి, మాస్టు కొస నుంచి వేలాడదీసి, మాస్టును ముందువైపు పట్టి ఉంచే తీగ పొడవు రెండుసార్లు మార్చాను. ఏమీ తగ్గలేదు. మూడోరోజు చేయి వెనక్కి పెట్టి తడిమితే చుక్కాని పలక సగం పైకి లేచి ఉంది, దానికి మూరెడు గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకుని ఉన్నాయి. పలక వెనక్కి లేచినకొద్దీ నీళ్ళ ఒత్తిడి ఇరుసుకు దూరంగా పడి చేతికి బరువు పెరుగుతుంది. మన చెరువుల్లో గుర్రపుడెక్క, వలల దారాలు ముందు అనుమానించండి.

అది కాకపోతే పడవ ఒరిగి ఉందేమో చూడండి. ఒరిగిన పడవ గాలివైపు తిరుగుతుంది, ఇద్దరూ అంచుకు జరిగి చదును చేస్తే సగం బరువు పోతుంది. ఆ తర్వాత సెంటర్‌బోర్డ్ కొద్దిగా పైకి లాగి చూడండి. ఇవన్నీ అయ్యాకే మాస్టు.

తెరచాప ముందు అంచున అడ్డంగా చిన్న ముడతలుంటే దాన్ని పైకి లాగే తాడు ఇంకాస్త బిగించాలి. సెంటర్‌బోర్డ్ జుయ్యిమని మోగుతుంటే వెనక అంచు మొద్దుబారింది, చిత్రిక పట్టాలి.

బోల్తా పడ్డాక లేవట్లేదు

చెరువులు లోతు తక్కువ, మాస్టు కొస బురదలో దిగుతుంది. బలంగా లేపితే మాస్టు విరుగుతుంది. ఈదుకుంటూ ముందుకు పోయి పడవ మూతిని గాలికి ఎదురు తిప్పి, దిగిన దారినే మాస్టును మెల్లగా బయటికి లాగి, ఆ తర్వాత లేపండి. తెరచాప కొసన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ కట్టుకుంటే అసలు దిగదు. చూసేవాళ్ళకు నవ్వులాటే కానీ నేను కట్టుకునే పోతాను. లైఫ్ జాకెట్ సంగతి చర్చకే పెట్టను.

అన్నీ సరిగ్గా ఉన్నా రేసులో ఆఖరే

రేసులంటే మనకు హుస్సేన్ సాగరే, అదీ వానాకాలం గాలుల్లో. ఫైబర్ పడవల మధ్య చెక్కది వెనకబడితే "పాతది కదా" అని సరిపెట్టుకుంటాం. ముందు తూకం వేయండి. క్లాసు నియమాల్లో కనీస బరువు ఉంటుంది, పై బరువంతా మన పాపమే. పొరలు పొరలుగా రంగు, అతుకుల మీద అతుకులు, పడవ మునగకుండా ఉంచే గాలి గదుల్లో మిగిలిన నీళ్ళు, అన్నిటికీ మించి ప్లై తాగిన తేమ.

మిర్చి బస్తాలు తూచే కాంటా అయినా చాలు. ముందు కొస ఒకసారి, వెనక కొస ఒకసారి కాంటా మీద పెట్టి, రెండో కొసకు అంతే ఎత్తు దిమ్మ ఆనించి, రెండూ కూడాలి. నవంబరులో నీళ్ళ నుంచి తీసిన వారానికి ఒకసారి, మే ఆఖరున ఒకసారి తూచి గోడ మీద రాసుకోండి. బాగా తగ్గితే అది తేమ. అంటే పూత ఎక్కడో తెరిచి ఉంది, ఎండిన ఆ వారంలోనే వెతికి మూసేయాలి. తగ్గకపోతే రంగు గీకుడే. నా గోడ మీద రెండు అంకెల మధ్య తేడా తొమ్మిది కిలోలు. కలప అంత పొడిగా ఉండే రోజులు మళ్ళీ ఏడాది దాకా రావు కాబట్టి, జూన్ మొదటి వాన పడకముందే అంచులన్నిటికీ మూడు పూతలు వేశాను.