జర్మనీకి చదువుకు వెళ్తున్న తిరుపతి, చిత్తూరు పిల్లలకు: రూమ్ విషయంలో జాగ్రత్తలు

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల రూమ్ కావాలంటే ఓనర్ చేతిలో అడ్వాన్సు పెట్టి తాళం తీసుకుంటే సరిపోతుంది. జర్మనీలో అలా కుదరదు. ఇంట్లో చేరాక రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇల్లు ఇచ్చినవాళ్ళు సంతకం చేసిన కాగితం లేకుండా అది జరగదు. అది జరగకపోతే ట్యాక్స్ నంబరు, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ ఆగిపోతాయి.

అందుకే ‘మనూరోళ్ళమే కదా, వచ్చేయ్, తర్వాత చూసుకుందాం’ అని ఎవరైనా పిలిస్తే వెంటనే సరే అనకండి. ఓనర్‌తో ఒప్పందం ఎవరి పేరున ఉందో, మిమ్మల్ని చేర్చుకోవడానికి ఓనర్ ఒప్పుకున్నాడో లేదో, అన్‌మెల్డుంగ్‌కు కాగితం ఇస్తారో లేదో అడగండి. మదనపల్లె నుంచో పుత్తూరు నుంచో వెళ్ళిన సీనియర్ అన్నను ఇలా అడగాలంటే మొహమాటంగానే ఉంటుంది. అయినా అడగాలి. ఆయన ఎంత మంచివాడైనా, ఓనర్‌కు తెలియకుండా మిమ్మల్ని పెట్టుకుంటే రేపు చలికాలంలో పెట్టెలు పట్టుకుని రోడ్డున పడేది మీరే.

అడ్వాన్సు మీద కూడా చట్టం ఉంది. హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దెను కాల్ట్‌మీటె అంటారు. అడ్వాన్సు దానికి మూడు నెలల మొత్తాన్ని మించకూడదు. మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపిస్తా’ అనేవాడికి ఒక్క యూరో కూడా పంపకండి. నాన్న పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అలా పోవడం చాలా బాధగా ఉంటుంది. అడ్మిషన్ రాగానే, ఇంకా ఇంట్లో ఉండగానే, విద్యార్థి సంక్షేమ సంస్థ ష్టుడీరెండెన్‌వెర్క్ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టేయండి. పెద్ద ఊళ్ళలో వెయిటింగ్ లిస్టు చాలా ఉంటుంది.

అద్దె, కరెంటు, ఇంటర్నెట్‌లో ఎవరి వాటా ఎంతో మొదటి వారంలోనే రాసుకోండి. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి, కానీ అది మనిషికి కాదు, ఇంటికి. ముగ్గురుంటే ఒకరు కట్టి పంచుకుంటే తలా 6.12 యూరోలే. ఆ రుసుము కట్టమని మీ పేరున ఉత్తరం వస్తే పారేయకుండా, ఇంట్లో కడుతున్నవారి రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపండి.

ఇక వంటిల్లు. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. సంగటి గిన్నె రాత్రంతా సింకులో ఎండితే పొద్దున తోమాల్సివచ్చిన వాడికి కోపం రాదా? ఎండుమిర్చితో తిరగమాత వేస్తే ఘాటు ఇల్లంతా పాకుతుంది. వంట కాగానే, చలిగా ఉన్నా సరే, కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచండి. ఆవిరికి గోడలు బూజు పడితే అడ్వాన్సులో కోత పడవచ్చు. శనివారం నియమం ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పి గిన్నెలు వేరుగా పెట్టుకోండి. మనసులో పెట్టుకుని అలగడం వల్ల లాభం లేదు.

చాలా బాత్‌రూముల్లో నేల మీద నీళ్ళు పోయే దారి ఉండదు. బకెట్, చెంబు వాడినా షవర్ తొట్టిలోనే నిలబడి స్నానం చేయండి. నీళ్ళు కిందింట్లోకి దిగితే ఆ ఖర్చు మీ మీద పడుతుంది.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు. మన టైముకు జర్మనీ ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. అమ్మ పొద్దున అయిదింటికి లేచి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఏ వేళకు చేయాలో ఇంట్లో ముందే చెప్పండి.

రూమ్‌లో చేరిన రోజే గోడలు, నేల, కిటికీలు, సామాను ఫోటోలు తీసి పెట్టుకోండి. గడువు లేని ఒప్పందమైతే ఖాళీ చేయడానికి సాధారణంగా మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అది వాట్సాప్‌లో చెల్లదు. కాగితం మీద సంతకం చేసి ఇచ్చి, అందినట్టు రాయించుకోండి.